ఎదుటి ఒడ్డున మిస్టర్

వ్లోరా, అల్బేనియా
సెప్టెంబరు 1995

అక్కా,

క్షేమంగా చేరాను. బ్రిందిసిలో ఎక్కిన ఓడ తెల్లారేసరికి ఇక్కడ దింపింది. అందులో ఇటువైపు వస్తున్న ఇటలీవాణ్ణి నేనొక్కణ్ణే. రేవులో పోలీసు నా పాస్‌పోర్టు చూసి, మొహం చూసి, మళ్లీ పాస్‌పోర్టు చూశాడు.

"అందరూ ఇటునుంచి అటు పోతుంటే మీరేంటి ఇటొచ్చారు?" అన్నాడు.

ఫుట్‌బాల్ జట్టుకి శిక్షకుడిగా వచ్చానన్నాను.

"మా జట్టుకా?" అని ముద్ర కొట్టి, "దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి" అన్నాడు. చక్కటి ఇటాలియన్‌లో అన్నాడు.

నువ్వు అడగబోయేది నాకు తెలుసు. ఇదే ఆఖరుదా అని. మాల్టా వెళ్లేటప్పుడు అవునన్నాను. సైప్రస్ వెళ్లేటప్పుడూ, ట్యునీసియా వెళ్లేటప్పుడూ అదే మాట. బల్గేరియాలో నా కారు అద్దాలు పగలగొట్టాక నువ్వు అడగకుండానే నేనే ఒట్టేశాను. ఇరవై ఏళ్లుగా దేశాలు పట్టుకు తిరుగుతున్నాను, ఏ ఊళ్లోనూ రెండో చలికాలం చూడలేదు. ఓడితే పొమ్మన్నారు, గెలిస్తే ఇంకా పెద్దవాణ్ణి తెచ్చుకున్నారు. మన కియోజ్జా జట్టువాళ్లు మాత్రం ఒక్కసారైనా పిలవలేదు. ఆ సంగతి ఇప్పుడెందుకులే.

లుమ్తురి అని ఒకావిడ ఇంట్లో మేడ మీద గది ఇచ్చారు. ఆవిడకి భర్త లేడు, బడిలో భూగోళం చెబుతుంది. కొడుకు అర్తాన్‌కి ఇరవై రెండేళ్లు. మా జట్టులో ముందువరుస ఆటగాడు. వాడికి గోలు కొట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు, పొద్దున్నే లేవడం నేర్పాలి. ఈ ఉత్తరం పోస్టులో వేసేది కూడా వాడే, పోస్టాఫీసు వాడు వెళ్లే దారిలోనే ఉంది.

నాకు భాష రాదని క్లబ్బువాళ్లు బార్ధిల్ అనే దుబాసీని పెట్టారు. నేను రెండు ముక్కలు అంటే ఆయన పది వాక్యాలు చెబుతాడు. ఓపికున్న మనిషి. శిక్షకుణ్ణి ఇక్కడా మన దగ్గరలాగే 'మిస్టర్' అనే పిలుస్తారు.

నీ మోకాలు ఎలా ఉంది?

తమ్ముడు
ఒరెస్తె

కియోజ్జా
అక్టోబరు 1995

ఒరే ఒరెస్తె,

నీ ఉత్తరం బజార్లో నా చేపల బండి దగ్గర నిలబడే చదివాను. మధ్యలో ఒకామె వచ్చి కవళ్ల చేపలు తాజావేనా అంటే, మా తమ్ముడికంటే తెలివైనవి, కొనుక్కోండి అన్నాను.

యాభై ఎనిమిదేళ్లు వచ్చాయి నీకు. నీ ఈడువాళ్లు కాలవ గట్టు మీద కూర్చుని పేకాడుతున్నారు, మోకాళ్ల గురించి చెప్పుకుంటున్నారు. నువ్వేమో జనం పారిపోయే ఊరు వెతుక్కుని మరీ వెళ్లావు. మా ఆయన బతికుంటే, "పోనీవే, వాడి కాళ్లు వాడిష్టం" అనేవాడు. నేను అలా అనలేను. ప్రతిసారీ నీ గదికి సున్నం వేయించేది నేను.

మన జట్టు సంగతి చెప్పనా? వరసగా ఓడుతున్నారు. ఆ ఆల్చిప్పల వ్యాపారి గస్తోనె ఇప్పుడు క్లబ్బు అధ్యక్షుడు. ఆదివారాలు మైదానంలో ఆయన మొహం చూస్తే నాకే జాలేస్తోంది. ఎక్కువసేపు కాదులే.

ఆ లుమ్తురిగారు ఏం వండి పెడుతోంది? ఉత్తరంలో తిండి గురించి ఒక్క ముక్క రాయలేదు, ఆవిడేం చదువు చెబుతుందో మాత్రం రాశావు. వేరే ఏ ఊళ్లోనూ ఇంటివాళ్లు ఏం చదువుకున్నారో నాకు రాయలేదు నువ్వు.

మోకాలు అలాగే ఉంది. ఉన్ని బనీను వేసుకో.

నీవెస్

వ్లోరా
నవంబరు 1995

అక్కా,

నా పరువు ఎలా పోయిందో చెబుతాను, బజార్లో చదవకు.

మా జట్టులో ఎడమపక్క కాపు కాసే పెత్రిత్ అని ఒకడున్నాడు. మొన్న సాధనలో వాడి పరుగు చూడలేక నాలో నేను గొణుక్కున్నాను, "వీడి కాళ్లు రెండూ ఎవరో అరువిచ్చినట్టున్నారు" అని. బార్ధిల్ దాన్ని అనువదించలేదు. పెత్రిత్ మాత్రం పరిగెడుతూనే తల తిప్పి, "కుడిది మాత్రమే మిస్టర్, ఎడమది నాదే" అన్నాడు. మన భాషలో.

మైదానమంతా నవ్వు. గోల్‌కీపర్ అయితే కూర్చుండిపోయాడు.

"నీకు ఇటాలియన్ వచ్చా?" అన్నాను.

"ఇక్కడ అందరికీ వచ్చు మిస్టర్. పాత ప్రభుత్వం నిషేధించిన ఆ రోజుల్లో తలుపులు మూసుకుని, శబ్దం తగ్గించుకుని మీ టీవీ చూస్తూ పెరిగాం. మీ పాటల పోటీలు, మీ వంటలు, మీ ఆదివారం ఆటలు, అన్నీ."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"చెబితే మీరు మర్యాదగా మాట్లాడటం మొదలెడతారు. మీ మనసులో ఏముందో మాకెలా తెలుస్తుంది?"

బార్ధిల్ వైపు తిరిగాను. ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. నేను "కదలండ్రా దద్దమ్మల్లారా" అన్నప్పుడల్లా ఆయన "మిస్టర్ మీ కష్టాన్ని మెచ్చుకుంటున్నారు" అని చెప్పేవాడట. వాళ్లకి రెండూ వినపడేవి. రోజూ సాధనకి రావడానికి సగం కారణం అదేనట. అర్తాన్ ఇంటికొచ్చి భోజనాల దగ్గర వాళ్లమ్మకి నన్నూ బార్ధిల్‌నీ ఇద్దరినీ నటించి చూపించేవాడు. నేను మేడ మీద ఆ నవ్వులు విని, ఎంత కలుపుగోలు కుటుంబమో అనుకునేవాణ్ణి.

బార్ధిల్‌ని తీసేయమన్నారు క్లబ్బువాళ్లు. వద్దన్నాను. అవతలి జట్ల ఆట చూసి రమ్మని పంపుతున్నాను. బెంచీల మీద కూర్చుని ఎవరితోనైనా మాట కలిపేస్తాడు, కావలసినదంతా రాబట్టుకొస్తాడు. అందులో మాత్రం సొంత కవిత్వం కలపడం లేదు.

తిండి సంగతి అడిగావు. పాలకూర పెట్టి కాల్చిన పొరల రొట్టె, దాని మీద గడ్డపెరుగు. ఆలివ్ నూనె ఇంటిదే. నేను తిరిగిన ఊళ్ల పేర్లు చెబుతుంటే లుమ్తురిగారు అక్కడి నదుల పేర్లు చెబుతుంది. తిమిశోఆరాలో ఏడాది పనిచేశాను అక్కా, ఆ ఊళ్లో నది ఉందని నాకు నిన్నే తెలిసింది. నేను చూసిందల్లా మైదానం, హోటలు, స్టేషను.

ఇప్పుడు కింద కూర్చునే తింటున్నాను.

ఒరెస్తె

కియోజ్జా
జనవరి 1996

తమ్ముడూ,

కూర్చుని చదువు.

నిన్న బజారుకి గస్తోనె వచ్చాడు. ఎప్పుడూ పనిమనిషిని పంపేవాడు తనే వచ్చాడు. చేపల మీదికి వంగి చూస్తూ నిలబడ్డాడు, కొనడు, కదలడు.

"నీవెస్, మీ తమ్ముడు ఎక్కడున్నాడిప్పుడు?"

"ఎందుకు? అమ్మేసిన సరుకుని మళ్లీ అడుగుతున్నారా?" అన్నాను.

"పాతవి తవ్వకు. అప్పుడు క్లబ్బులో ఉన్నది నేను కాదు కదా. శిక్షకుణ్ణి తీసేశాం. ఒరెస్తె వస్తే వచ్చే నెల నుంచే జట్టు ఆయన చేతిలో పెడతాం. ఊరంతా అదే అంటోంది."

వరసలో ఉన్నవాళ్లందరికీ చేపలు తూచి ఇచ్చాను. ఆయన అలాగే నిలబడ్డాడు, ఐసు నీళ్లు బూట్లలోకి పోతున్నా. అప్పుడు, "రాసి చూస్తాను" అన్నాను.

ఇంటికొచ్చి తలుపు వేసుకుని ఏడ్చానురా. నీకు పందొమ్మిదేళ్లప్పుడు నిన్ను వేరే ఊరి జట్టుకి అమ్మేసిన రోజు నాన్న పడవలోంచి దిగలేదు, వలలు విప్పలేదు. "వాళ్లే మళ్లీ వచ్చి అడుగుతారు చూడు" అని మాత్రం అన్నాడు. అడిగారు. ఆయన చూడలేదు, నేను చూశాను.

గది కిటికీలకి ఆకుపచ్చ రంగు వేయిస్తున్నాను. ఓడ ఎప్పుడో రాయి.

నీవెస్

వ్లోరా
జనవరి చివర, 1996

అక్కా,

ఇక్కడ వానలు. మైదానంలో ఒక మూల నీళ్లు నిలిచిపోయాయి. మూల నుంచి బంతి కొట్టాలంటే ముందు దాన్ని నీళ్లలోంచి తీయాలి. బార్ధిల్ ఒక కాలవ తవ్వాడు, అది నీళ్లని నేరుగా మేం బట్టలు మార్చుకునే గదిలోకి తెచ్చింది.

ఆటగాళ్లు తగ్గిపోతున్నారు. సోమవారం సాధనకి వచ్చేసరికి ఒక బూట్ల జత మేకుకి వేలాడుతూ ఉంటుంది, మనిషి ఉండడు. పడవెక్కి మీ వైపు వచ్చేసి ఉంటాడు. మిగిలినవాళ్లు ఆ బూట్లు ఎవరి కొలతవో చూసుకుంటారు.

పోయిన వారం అర్తాన్ కూడా వెళ్లిపోయాడు. నాతో చెప్పలేదు. వాడి సంగతి ఇప్పుడు రాయలేను.

పెత్రిత్‌ని ముందువరుసలో ఆడిస్తున్నాను. గోల్‌కీపర్లు వాణ్ణి చూసి భయపడరు గాని, ఎటు తన్నుతాడో తెలియక కాస్త ఇబ్బంది పడతారు.

నిమ్మకాయలు బాగా కాశాయి. నీ మోకాలు జాగ్రత్త.

ఒరెస్తె

కియోజ్జా
ఫిబ్రవరి 1996

ఒరెస్తె,

వాన గురించి రాశావు. కాలవ గురించి, నిమ్మకాయల గురించి రాశావు. నేను రాసిన దానికి జవాబు ఎక్కడ? కాగితం వెనక్కి తిప్పి కూడా చూశాను.

గస్తోనె రోజూ వస్తున్నాడు. ఆయనకి ఏం చెప్పను? మా తమ్ముడు నిమ్మకాయలు కోస్తున్నాడని చెప్పనా? నలభై ఏళ్లు ఎదురుచూసిన పిలుపు ఇది. నీకోసం నేనెంత ఎదురుచూశానో ఆ లెక్క వేరే.

కోపంగా ఉన్నాను, అందుకే ఇంకేం రాయడం లేదు. నా బండి దగ్గర కొత్తగా ఒక పనివాడు చేరాడు. చేపలు తూచడం రాదు, కత్తి పట్టడం రాదు. ఖాళీ బుట్టని కాలితో తంతే మాత్రం బజారు అవతల ఉన్న బుట్టల దొంతర మీద సరిగ్గా వెళ్లి కూర్చుంటుంది. తిండి మాత్రం ఇద్దరిది తింటాడు. పోనీ, ఇంట్లో మనిషి అలికిడి ఉంది.

జవాబు రాయి. అవునో కాదో.

నీవెస్

వ్లోరా
ఫిబ్రవరి చివర, 1996

అక్కా,

కాదు.

నీ చేతిలో ఇంకా కాగితం ఉంటే మిగతాది కూడా చదువు.

ఈ ఊళ్లో నా కబుర్లు నాకంటే ముందు ఊరికి తెలుస్తాయి. సాధన అయ్యాక పెత్రిత్ బూట్లు విప్పుతూ అడిగాడు.

"మిస్టర్, మీరూ వెళ్లిపోతారటగా?"

"ఎవరన్నారు?"

"ఎవరనలేదు? మీకేంలెండి, పగటిపూట ఓడెక్కి దర్జాగా వెళ్లొచ్చు. మాలా చీకట్లో పడవెక్కక్కర్లేదు." వెటకారంగా అనలేదు అక్కా, ఉన్నమాట అన్నట్టు అన్నాడు. మిగతావాళ్లు ఎవరి జోళ్లు వాళ్లు చూసుకుంటున్నారు.

"సీజను అయ్యేదాకా నేనెక్కడికీ పోను" అన్నాను. అనేశాక, ఆ మాట అన్నది నేనేనా అనిపించింది. ఇంతవరకు ఏ ఊళ్లోనూ ఎవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు.

ఇంకొకటి ఉంది. అది రాయలేకే పోయిన ఉత్తరం నిండా వాన కురిపించాను. అర్తాన్ వెళ్లిన దగ్గర్నుంచి వాడి కబురు లేదు. వాణ్ణి తీసుకెళ్లిన పడవవాణ్ణి తిరిగొస్తుంటే పట్టుకున్నారు. ఇప్పుడు జైల్లో ఉన్నాడు, ఎవరినీ కలవనివ్వడం లేదు. ఆ వారంలోనే ఒక పడవ మునిగిందంటున్నారు. అందులో ఎవరున్నారో ఎవరికీ తెలియదు. లుమ్తురిగారు బడికి వెళుతుంది, వస్తుంది, వంట చేస్తుంది, బల్ల మీద మూడు పళ్లాలు పెడుతుంది. నేను నా పళ్లెంలోకే చూస్తూ తింటాను. సాయంత్రాలు ఆవిడ రేవు దాకా నడుస్తుంది, నేనూ వెంట నడుస్తాను.

వాడు ఏ ఒడ్డుకి వెళ్లాడో అది నేను పుట్టిన ఒడ్డు. ఆవిడకి వాడి కబురు తెలియకుండా, ఆవిడ చూస్తుండగా నేను ఓడెక్కి అదే ఒడ్డుకి ఎలా పోను? గస్తోనెకి నా నమస్కారాలు చెప్పు. నాన్న గురించి నువ్వు రాసింది చాలాసార్లు చదువుకున్నాను.

ఒరెస్తె

తంతి
కియోజ్జా నుంచి వ్లోరాకి
మార్చి 1996

అర్తాన్ నా ఇంట్లోనే ఉన్నాడు. క్షేమం. బాగా తింటున్నాడు. వాళ్లమ్మకి ఇప్పుడే చెప్పు. ఉత్తరం రాస్తున్నాను. నీవెస్.

కియోజ్జా
మార్చి 1996

తమ్ముడూ,

నాకు తెలియదురా. తెలిసి దాచింది ఒకటి, తెలియక దాచింది ఇంకొకటి.

జనవరి ఆఖర్లో బూట్లు తడిసి ముద్దయిన ఒక కుర్రాడు వచ్చి నా బండి ముందు నిలబడ్డాడు. "నమస్కారమండీ, మిస్టర్‌గారి అక్కయ్యగారు మీరేనా?" అన్నాడు, అచ్చం టీవీలో పాటల పోటీ నడిపేవాడి గొంతుతో. నీ ఉత్తరాలు పోస్టులో వేసేది వాడే కదా, నా చిరునామా కంఠతా వచ్చింది. అమ్మకి తెలుసన్నాడు. పడవవాడు తిరిగి వెళ్లగానే ఇంటికి కబురు చేస్తానని మాటిచ్చాడట. "మిస్టర్‌కి మాత్రం చెప్పకండి. సీజను మధ్యలో చెప్పకుండా వచ్చేశాను. నాకంటూ ఒక దారి దొరికాక నేనే రాస్తాను" అన్నాడు. సిగ్గుపడుతున్నాడు కదా, వాడి మాట వాడే చెప్పుకోనీ అనుకున్నాను. పడవవాడు జైల్లో ఉన్నాడని వాడికేం తెలుసు, నాకేం తెలుసు?

నీ ఉత్తరం చదివి, ఇద్దరు కొనేవాళ్లు చూస్తుండగా వాడి చెంప మీద ఒక్కటిచ్చాను. "ఇది మీ అమ్మ తరఫున" అన్నాను. విషయం చెప్పేసరికి వాడి మొహంలో నెత్తురు లేదు. బండి అలాగే వదిలేసి ఇద్దరం తంతి ఆఫీసుకి పరిగెత్తాం. నా మోకాలు పరిగెత్తిందంటే నమ్ము. తిరిగొచ్చేసరికి పిల్లులు విందు చేసుకుంటున్నాయి.

వాడు రాసిన ఉత్తరాలు ఇందులోనే పెట్టాను. తల్లికి ఒకటి, నీకు ఒకటి. నేను చదవలేదు. నీది చదవబోయాను గాని, వాడు పక్కనే ఉన్నాడు.

నిన్ను కోప్పడ్డ మాటలన్నీ వెనక్కి తీసుకోను. కొన్ని తీసుకుంటాను.

నీవెస్

వ్లోరా
మార్చి 1996

అక్కా,

నీ ఉత్తరం చేరకముందే నీ తంతి ఏం చేసిందో రాయాలి.

సాధనలో ఉన్నాం. బార్ధిల్ పోస్టాఫీసు నుంచి తంతి పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఊపిరాడక ఏ భాషలోనూ మాట రాలేదు. చదివి, మేకుల బూట్లతోనే బయటికి పరిగెత్తాను. బజారు వీధిలో రెండుసార్లు జారాను. వెనకాల జట్టంతా వస్తోందని బడి మెట్ల దగ్గర గాని తెలియలేదు.

తరగతిలో లుమ్తురిగారు పటం ముందు కర్ర పట్టుకుని నిలబడి ఉంది. పిల్లలంతా లేచి నిలబడ్డారు. ఆవిడ నన్ను చూసింది, కర్ర రెండు చేతులతో పట్టుకుంది. ఆ చూపు నేను మరచిపోలేను అక్కా. నేర్చుకున్న నాలుగు అల్బేనియా ముక్కలూ మరచిపోయాను.

"కియోజ్జాలో ఉన్నాడు. మా అక్క ఇంట్లో. బాగా తింటున్నాడట" అన్నాను.

ఆవిడ పటం వైపు తిరిగి సముద్రం వెంబడే పైకి, పైకి వేలు జరుపుతూ పోయి, చివర ఆపింది.

"ఈ ఊరు పేరు కియోజ్జా. ఇక్కడుంది. రాసుకోండి" అంది పిల్లలతో.

పిల్లలు కూర్చుని రాసుకున్నారు. వాళ్లు రాసేదాకా నిలబడి, ఆ తర్వాత కుర్చీలో కూర్చుని మొహం చేతుల్లో దాచుకుంది. తలుపు దగ్గర పెత్రిత్ ఏడుస్తున్నాడు. వాడికేమైందో అడగలేదు.

సాయంత్రం భోజనాల దగ్గర మూడో పళ్లెం తీసి పక్కన పెట్టింది. "మీ అక్క ఏం వండి పెడుతోంది?" అంది. మొక్కజొన్న సంకటి, ఉల్లిపాయలు వేసి పులుపులో ఊరబెట్టిన కవళ్లు అన్నాను. "ఉల్లిపాయలు తినడే" అంది. "మా అక్క ఇంట్లో తింటాడు" అన్నాను. నవ్వింది. ఎన్ని వారాల తర్వాతో.

నువ్వు వాణ్ణి కొట్టావని కూడా చెప్పాను, నీ ఉత్తరం వచ్చాక. "చేతులకి ముద్దు పెట్టానని రాయి" అంది.

అర్తాన్ నాకు రాసింది పెద్ద ఉత్తరం కాదు. "మిస్టర్, నా బూట్లు పెత్రిత్‌కి ఇవ్వొద్దు" అని ఉంది. కింద క్షమించమని. బూట్లు ఎప్పుడో ఇచ్చేశాను, ఆ సంగతి వాడికి చెప్పకు.

ఒరెస్తె

కియోజ్జా
ఏప్రిల్ 1996

తమ్ముడూ,

గస్తోనె ఎట్టకేలకు నీమీద ఆశ వదులుకున్నాడు. బడిలో వ్యాయామం నేర్పే మాస్టరుకి జట్టు అప్పజెప్పాడు. ఆ బేరం తేల్చుకుని నా బండి పక్కనుంచి వెళుతుంటే, అర్తాన్ తన్నిన బుట్ట ఆయన టోపీ మీదుగా వెళ్లి దొంతర మీద కూర్చుంది.

"ఎవరీ కుర్రాడు?" అన్నాడు.

"మా ఒరెస్తె ఆటగాడు. శిక్షకుడు కావాలన్నారుగా, రాలేదు. ఇతనొచ్చాడు" అన్నాను.

ఈ ఏడాది ప్రభుత్వం పని చేసుకుంటున్న విదేశీయులకి కాగితాలు ఇస్తోంది. నా దగ్గర పనిచేస్తున్నాడని సంతకం పెట్టాను. గస్తోనె తనే ఆఫీసుల చుట్టూ తిరిగాడు, లంచంగా ఆల్చిప్పల బుట్టలు పట్టుకుని కాదులే, మర్యాదగానే. కాగితాలు వచ్చాయి. రెండు ఆదివారాలుగా మన జట్టులో ఆడుతున్నాడు. మొదటి ఆటలో బంతి దొరకలేదు. రెండో ఆటలో దొరికింది.

పొద్దున్నే లేస్తున్నాడని వాళ్లమ్మకి చెప్పు. చేపల బజారు ఎవరినైనా లేపుతుంది. ఉల్లిపాయలు కూడా తింటున్నాడు.

నీవెస్

వ్లోరా
మే 1996

అక్కా,

దిగిపోయాం. కింది లీగులోకి.

ఆఖరి ఆట సమం చేసుకున్నా మిగిలేవాళ్లం. ఆట ముగియబోతుండగా అవతలివాడు కొట్టిన బంతి మా గోలుకి దూరంగా పోతోంది. పెత్రిత్ అడ్డం పడ్డాడు. వాడి ఎడమ కాలికి తగిలి లోపలికి పోయింది. వాడి సొంత కాలే.

ఆట అయ్యాక గదిలో నేను అలవాటు ప్రకారం నా సామాను సర్దుకోవడం మొదలెట్టాను. తువ్వాలు, ఈల, గొడుగు. ఎన్ని దేశాల్లో సర్దుకున్నాను అవి. బార్ధిల్ లోపలికొచ్చాడు.

"బయట జనం ఉన్నారు మిస్టర్."

"ఎంతమంది?"

"అందరూ."

బల్గేరియా గుర్తొచ్చింది. పక్క తలుపు ఉందా అని అడిగాను. ఉందిగాని తాళంచెవి లేదన్నాడు. సరే అని ముందు తలుపులోంచే బయటికి వచ్చాను. జట్టు నా వెనకాల వచ్చింది. పెత్రిత్ అందరికంటే చివర.

జనం ముందువరుసలో రేవులో పనిచేసే ఒక ముసలాయన ఉన్నాడు, ఏడాదంతా నన్ను తిట్టిన మనిషి. గొంతు సవరించుకున్నాడు.

"మిస్టర్, ఆగస్టులో సాధన ఎన్నింటికి?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. భాష సంగతి కాదు, అర్థమే కాలేదు.

"పోయినేడు సెప్టెంబరులో పదింటికి పెట్టారు. అప్పటికి ఎండ మండిపోతోంది. మేమూ చూడలేం, వాళ్లూ ఆడలేరు. ఈసారి పొద్దున్నే పెట్టండి."

వెనకనుంచి ఎవరో, "ఆ పెత్రిత్‌ని కుడిపక్క పెట్టండి, అటు కాలు అరువుదే కదా, పోయినా ఫర్వాలేదు" అన్నారు. అందరూ నవ్వారు. పెత్రిత్ కూడా. తర్వాత నాతో ఇంటిదాకా నడిచారు అక్కా, ఆటలో నేను చేసిన తప్పులన్నీ వివరంగా చెబుతూ. లుమ్తురి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. వాళ్లందరికీ కాఫీ కాచేసరికి ఇంట్లో గిన్నెలు చాలలేదు.

గొడుగు గదిలోనే మరచిపోయాను. ఎవరో తెచ్చి ఇచ్చారు.

ఒరెస్తె

కియోజ్జా
జూన్ 1996

తమ్ముడూ,

మేం మిగిలాం.

ఆఖరి ఆదివారం అర్తాన్ గోలు కొట్టాడు. మైదానం దాటి బయటికి పరిగెత్తి, కంచె పట్టుకుని ఎక్కి, "సిన్యోరా నీవెస్" అని అరిచాడు. ఊరంతా నావైపు తిరిగింది. ఈ వయసులో నన్ను ఇంతమంది చూడటం నాకు ఇష్టం లేదు. అయినా జుట్టు సరిచేసుకున్నాను.

గస్తోనె మళ్లీ వచ్చాడు. వచ్చే సీజనుకి నువ్వే కావాలంటున్నాడు. ఈసారి సీజను మధ్యలో కాదు. అర్తాన్ క్షేమంగా ఉన్నాడు. నీ జట్టు ఎలాగూ దిగిపోయింది. నువ్వు చెప్పిన సాకులు ఒక్కటీ మిగల్లేదు.

నేను రమ్మనీ అనను, వద్దనీ అనను. ఈ వాక్యం రాయడానికి రెండు కాగితాలు చించాను.

ఒకటి అడుగుతాను. "లుమ్తురిగారు" అని రాసేవాడివి. ఆ 'గారు' ఎక్కడ పారేసుకున్నావు?

నీవెస్

వ్లోరా
జూన్ 1996

అక్కా,

గస్తోనెకి నేనే వేరే ఉత్తరం రాశాను. మర్యాదగా కాదన్నాను.

మన ఊరు పిలవలేదని నలభై ఏళ్లు మనసులో ముల్లు ఉండేది. పిలిచింది. ఒకసారి కాదు, రెండుసార్లు. ముల్లు ఊడి వచ్చేసింది. వచ్చేశాక వెతికి చూసుకుంటే, వెళ్లాలన్న కోరిక కూడా దాంతోపాటే పోయింది. నేను కోరుకున్నది పిలుపే కాబోలు.

ఇక్కడ కింది లీగులో కొండల్లో ఊళ్లకి బస్సులో వెళ్లి ఆడాలి. బస్సు బార్ధిల్ బావమరిదిది. బ్రేకులు ఉన్నాయంటున్నాడు. ఆగస్టులో సాధన ఏడింటికని తలుపు మీద రాసి అంటించాను. నా జీవితంలో మొదటిసారి రెండో చలికాలం చూడబోతున్నాను. ఉన్ని బనీను ఇంకొకటి కొనాలి.

అర్తాన్ వచ్చే ఏడు మీ దగ్గరే ఆడతాడని రాశాడు. మంచిదే. ఇప్పుడు కాగితాలున్నాయి కాబట్టి వేసవికి ఇంటికి రావచ్చు, పగటిపూట, ఓడలో. నువ్వూ వాడితో రా. నువ్వు ఎప్పుడూ సముద్రం దాటలేదు, తెలుసు. ఇది నీ సముద్రమే, ఇటుపక్క. కవళ్లు ఇక్కడా అవే.

పడక గురించి ఆలోచించకు. మేడ మీద నా గది నీకిస్తాను. ఉన్నన్నాళ్లూ నేను బార్ధిల్ ఇంట్లో సర్దుకుంటాను.

ఒరెస్తె

కియోజ్జా
జులై 1996

తమ్ముడూ,

వస్తున్నాం. శుక్రవారం ఓడ. అర్తాన్ టికెట్టుని రోజుకోసారి తీసి చూసుకుంటున్నాడు. బండి గస్తోనె పెళ్లాం చూసుకుంటానంది. చేపలు తూచడం నేర్పాను, కోప్పడటం తనకి ముందే వచ్చు.

నువ్వు బార్ధిల్ ఇంటికి పోనక్కర్లేదు. లుమ్తురి నాకు వేరే ఉత్తరం రాసింది, చక్కటి ఇటాలియన్‌లో. కొడుకుని చూసుకున్నందుకు ఏవేవో రాసింది, అవి మా ఇద్దరి మధ్య మాటలు. ఆఖర్లో గది గురించి క్షమాపణ కూడా అడిగింది. మేడ మీద గదిలో ఈస్టరు నుంచి ఎవరూ ఉండటం లేదట. అందులో ఉల్లిపాయలు ఆరబోస్తోందట.

నాకు ఫర్వాలేదు. ఉల్లిపాయలు కాస్త పక్కకి జరిపించు.

నీవెస్